దొర పడుకునే కుర్చీ

మన సామెతల్లో పిల్లికి ఒక్క మంచిమాట లేదు. కళ్లు మూసుకుని పాలు తాగేది అదే, ఎలుక ప్రాణంతో చెలగాటమాడేదీ అదే. దాని శాపాలకు ఉట్లు కూడా తెగవట. చివరికి పిసినారిని తిట్టాలన్నా పిల్లికి బిచ్చం పెట్టనివాడు అంటాం. మొక్కలావిడ గురించి వీధిలోవాళ్లు అన్న మాట కూడా అదే. నిజానికి ఆవిడ పిసినారి కాదు, పాపం. ఎవరింటికీ వెళ్లేది కాదు, ఎవరినీ రమ్మనేది కాదు, అంతే. అలాంటి మనిషికి ఏదో ఒక పేరు తగిలించకపోతే జనానికి నిద్ర పట్టదు.

మొక్కలావిడ అన్న పేరు మాత్రం ఆవిడకు సరిగ్గా అమరింది. రెండో అంతస్తులో రెండు గదులు, ఒక బుల్లి బాల్కనీ. తల్లి పోయాక ఆ ఇంట్లో ఆవిడ ఒక్కతే. ఒక తమ్ముడున్నాడు. ఎప్పుడైనా గుర్తొస్తే ఫోన్ చేసి "అంతా బాగేనా అక్కా?" అంటాడు. ఆవిడ "బాగే" అనేలోపు అవతల అతన్ని ఇంకెవరో పిలుస్తారు. మొక్కలకు ఎక్కడికీ వెళ్లే పని లేదు కదా. కిటికీ గట్టు మీద మనీప్లాంట్, బీరువా పక్కన మచ్చల ఆకుల డిఫెన్‌బాకియా, వంటింట్లో కలబంద, బాల్కనీ నిండా పేరు తెలిసినవీ తెలియనివీ. సాయంత్రం పని నుంచి వచ్చి, మగ్గుతో నీళ్లు పోస్తూ, ఆ రోజు సంగతులన్నీ వాటికి చెప్పుకునేది. "ఇవాళ మా షాపావిడ మళ్లీ నా మీద ఎగిరిందే. తప్పు తనది, తిట్లు నాకు," అనేది. మనీప్లాంట్ కాదనేది కాదు. ఆవిడకు అంతకంటే ఏం కావాలి?

ఒక వాన రోజున బాల్కనీలోంచి ఒక గండుపిల్లి లోపలికి వచ్చింది. బూడిద రంగు, సగం చిరిగిన చెవి, తడిసి ముద్దయిన ఒళ్లు. ఆవిడ అదిలించబోయేలోపే గది మధ్యకు నడిచి, తల్లి కూర్చునే పాత పేము కుర్చీ ఎక్కి, ఒళ్లు నాక్కోవడం మొదలుపెట్టింది. మధ్యలో ఒకసారి తలెత్తి, ఇంకా భోజనం రాలేదేమిటన్నట్టు చూసింది. "అబ్బో, దొరగారు వేంచేశారు," అంది ఆవిడ. ఆ మాటే పేరైపోయింది.

దొర చేసే పని ఒక్కటే. సాయంత్రం తాళంలో చెవి తిరిగే చప్పుడు వినగానే ఎక్కడున్నా దిగి వచ్చి గుమ్మం దగ్గర నిలబడేవాడు. కాళ్లకు అడ్డం పడేవాడు కాదు, అరిచేవాడు కాదు. నిలబడి చూసేవాడు. తల్లి పోయాక ఆవిడ తలుపు తీసేసరికి లోపల ఒక ప్రాణి నిలబడి ఉండడం అదే మొదలు. మొదటి రోజున ఆవిడ చెప్పులు విప్పడం కూడా మరిచిపోయి అలాగే నిలబడిపోయింది.

అలాంటి దొర ఒక సెలవు రోజున మూతిని కాలితో రుద్దుకుంటూ, తీగలు తీగలుగా చొంగ కారుస్తూ, ఆకు ముక్కలు కక్కాడు. ఆవిడ వాణ్ణి గుడ్డసంచిలో వేసుకుని వీధి చివర ఉన్న పశువుల డాక్టరమ్మ దగ్గరకు పరుగెత్తింది.

డాక్టరమ్మ మంచిదే కానీ నోరు కొంచెం దురుసు. దొర నోరు తెరిచి చూసి, "ఇంట్లో మొక్కలున్నాయా?" అంది.

"ఉన్నాయండీ."

"ఏమేం ఉన్నాయి?"

ఆవిడ పిల్లల పేర్లు చెప్పినంత మురిపెంగా ఒక్కొక్కటే చెప్పుకొచ్చింది. వింటున్నకొద్దీ డాక్టరమ్మ కళ్లు పెద్దవయ్యాయి.

"మీది ఇల్లా, విషాల కొట్టా? మనీప్లాంట్ నమిలాడు వీడు. నోరంతా పూసింది. ఆ మచ్చల ఆకులది ఇంతకంటే మంట. కలబంద తింటే వాంతులు, విరేచనాలు. లిల్లీ ఉందా? బాకాల్లాగా విచ్చుకుంటాయే, పెద్దవి?"

"మా ఇంట్లో లిల్లీ లేదండీ."

"బతికించారు. అది మాత్రం గడప తొక్కకూడదు. మిగతావి పిల్లిని ఏడిపిస్తాయి, అది చంపుతుంది. కిడ్నీలు పోతాయి."

"పోనీ మొక్కలన్నీ ఎత్తులో పెడితే?"

"పిల్లికి ఎత్తేమిటమ్మా!"

దొర ఆ రోజు సాయంత్రానికే కోలుకుని చేప అడిగాడు. ఆవిడ మాత్రం కోలుకోలేదు. మర్నాడు మెట్లు దిగి, కింద కొట్టున్న టైలరు దగ్గరకు వెళ్లింది. "మాస్టారూ, మీకు మొక్కలు కావాలా?"

టైలరు మెడలో టేపు వేలాడేసుకుని, ఎవరి ప్యాంటో పొట్టి చేస్తున్నాడు. మాటలపోగు. "ఎన్ని అక్కగారూ?"

"అన్నీ."

"పిల్లి కోసమా?" అని అతను నవ్వాడు. "ఇవ్వండి. మా కొట్లో పిల్లి లేదు. ఈ మిషన్ మోతకి ఎలక కూడా నిలవదు."

డాక్టరమ్మ కొన్ని మొక్కలు ఏం చేయవనే చెప్పింది. ఏ పుట్టలో ఏ పాముందో అని ఆవిడ అవి కూడా ఇచ్చేసింది. ఎక్కి దిగీ, ఎక్కి దిగీ ఇద్దరికీ నడుములు పడిపోయాయి. సాయంత్రానికి కిటికీ గట్టు మీద కుండీల అడుగున పడ్డ గుండ్రటి మరకలు మాత్రం మిగిలాయి. ఆవిడ మగ్గు కడిగి బోర్లించింది.

ఆ తర్వాత ఆ ఇంట్లో మాట వినపడలేదు. దొరతో మాట్లాడవచ్చు కదా అంటారేమో. ఆవిడకు చేతకాలేదు. మొక్క వింటోందో లేదో తెలియదు కాబట్టి దానికి ఏదైనా చెప్పుకోవచ్చు. పిల్లి అలా కాదు, తల తిప్పి మొహంలోకి చూస్తుంది. తన మొహంలోకి ఎవరైనా చూస్తుంటే ఆవిడకు నోరు పెగిలేది కాదు. చిన్నప్పటి నుంచీ అంతే.

కొన్నాళ్లకు టైలరు మెట్ల దగ్గర కనిపించి, "ఏంటక్కగారూ, మీ ఇంట్లో చుట్టాలు వెళ్లిపోయారా?" అన్నాడు.

"చుట్టాలెవరు?"

"సాయంత్రమయ్యేసరికి పైన మాటలు వినిపించేవి కదా. మాట స్పష్టంగా తెలిసేది కాదు గానీ, ఎవరో చుట్టాలున్నారు, అక్కగారు కబుర్లు చెబుతున్నారు అనుకునేవాణ్ణి. ఈ మధ్య చప్పుడే లేదు."

ఆవిడ సిగ్గుతో కుంచించుకుపోయింది. "వెళ్లిపోయారు," అని గబగబా మెట్లెక్కేసింది.

మాటలు లేకపోతేనేం, దొరకు ఆవిడతో ఇంకో చుట్టరికం ఉంది. అది ఏప్రన్. ఆవిడ పని నుంచి రాగానే ఏప్రన్ విప్పి పేము కుర్చీ మీద వేసేది. దొర దాని మీదికెక్కి, రెండు ముందుకాళ్లతో పిసికి పిసికి మెత్తగా చేసుకుని, అందులో మొహం దూర్చి పడుకునేవాడు. పొద్దున్నే ఆవిడ వెళ్లేటప్పుడు ఆ ఏప్రన్‌ను వాడి కిందనుంచి లాగాల్సి వచ్చేది. తన ఒంటి వాసన ఒకరికి ఇంత ఇష్టమవుతుందని ఆవిడ ఎన్నడూ అనుకోలేదు. ఒక్కోసారి లాగకుండా చాలాసేపు నిలబడి, పనికి ఆలస్యమయ్యేది.

ఇంతకీ ఆవిడ పనేమిటి? వీధిలో ఎవరికీ తెలియదు. "షాపులో" అనేది. ఏ షాపు అని ఎవరూ అడగలేదు, ఆవిడా చెప్పలేదు.

అది ఊళ్లోకెల్లా పెద్ద పూలకొట్టు. ముందర అద్దాలు, దీపాలు, రిబ్బన్లు. ఆవిడ కూర్చునేది వెనక గదిలో. బక్కెట్ల నిండా పూలు, నేలంతా తడి, కాడలు కోసిన పచ్చి వాసన. పెళ్లికి వెళ్లే గుత్తీ, ఆసుపత్రికి వెళ్లే గుత్తీ, శవపేటిక మీదికి వెళ్లే గుత్తీ అన్నీ ఆవిడ చేతుల్లోంచే వెళ్తాయి. ఆవిడ కోసం మాత్రం ఏ గుత్తీ ఎన్నడూ రాలేదు. బయట పల్లకీల మోత, ఇంట్లో ఈగల మోత అంటారు చూడండి, అలాంటి బతుకు. పువ్వన్నది ఆవిడ ఎన్నడూ ఇంటికి తెచ్చుకోలేదు. మిఠాయి కొట్టువాడు మిఠాయి తినడు కదా.

ఆ ఏడు పెళ్లిళ్ల రోజులు వచ్చేసరికి జనానికి లిల్లీల పిచ్చి పట్టింది. ఏ హాలు చూసినా తెల్ల లిల్లీలే కావాలన్నారు. లిల్లీ విచ్చుకోగానే మధ్యలో ఉండే కేసరాలను గిల్లేయాలి. లేకపోతే వాటి పుప్పొడి ఇటుక రంగులో రాలి, తెల్ల రేకులనూ పెళ్లికూతురి బట్టలనూ పాడుచేస్తుంది. ఆ పని ఆవిడదే. పువ్వు తన ఇంటి గడప తొక్కకపోతే చాలనుకుంది. గిల్లడం, వేళ్లు ఏప్రన్‌కు తుడుచుకోవడం, మళ్లీ గిల్లడం. ఆ కొట్లో ఆవిడకు పని నేర్పిన ముసలావిణ్ణి, వరసకి ఏమీ కాకపోయినా, అందరూ పెద్దమ్మ అనేవారు. ఆవిడ పెట్టిన నియమం ఒకటుంది. "పుప్పొడికి నీళ్లు తగలనిచ్చావో, ఆ మరక నీతోపాటే ముసలిదవుతుంది. ఉతక్కు. ఎండలో దులుపు." కొట్లో పనిచేసేవాళ్లంతా ఇప్పటికీ అంతే, ఏప్రన్ ఇంటికి తీసుకెళ్లి, మర్నాడు పొద్దున్న ఎండలో దులిపి తెచ్చుకుంటారు. మొక్కలావిడ కూడా అంతే.

ఆ మధ్యలో, రాత్రంతా, అది పేము కుర్చీ మీద ఉండేది.

ఒక సాయంత్రం ఆవిడ తాళం తీసింది. గుమ్మం దగ్గర ఎవరూ లేరు.

"దొరా," అంది. చాలా రోజులకు ఆ ఇంట్లో పలికిన మాట అది. మంచం కింద వంగి చూసింది. గోడవైపు మూలలో ముడుచుకుని ఉన్నాడు. వంటింటి గడప దగ్గర తెల్లగా కక్కిన మరక. పొద్దున పోసిన పాలు పోసినట్టే ఉన్నాయి. ఆవిడ ఇంకేమీ ఆలోచించలేదు. దుప్పట్లో చుట్టి, గుండెకు హత్తుకుని, మెట్ల మీదనుంచి "మాస్టారూ!" అని ఒక్క కేక పెట్టింది. ఆవిడ గొంతు అంత పెద్దదని ఆవిడకే తెలియదు. టైలరు కత్తెర అలాగే వదిలేసి స్కూటరు తీశాడు.

డాక్టరమ్మ మూసేయబోతున్న తలుపు మళ్లీ తెరిచింది. "మళ్లీ ఏ మొక్కమ్మా?"

"ఒక్కటీ లేదండీ. ఆకు ముక్క కూడా లేదు. కావాలంటే మాస్టారుని అడగండి."

"అన్నీ నా కొట్లోనే ఉన్నాయండీ," అన్నాడు టైలరు. "జనం కొట్టా, నర్సరీయా అని అడుగుతున్నారు."

డాక్టరమ్మ నవ్వలేదు. దొర కళ్లు చూసింది, పొట్ట నొక్కింది. గడ్డం కింద బూడిద రంగు బొచ్చులో ఏదో కనిపించి దూదితో తుడిచింది. దూది దీపం కిందికి పట్టుకుంది. ఇటుక రంగు.

ఆ రంగు మొక్కలావిడకు తెలుసు. ఆవిడ వేళ్ల మీద అదే రంగు ఉంది, గోళ్ల సందుల్లో ఉంది.

"అమ్మా," అంది డాక్టరమ్మ నెమ్మదిగా, "మీరేం పని చేస్తారు?"

ఆ ప్రశ్న ఆవిడను ఎన్నో ఏళ్లుగా ఎవరూ అడగలేదు. అడిగితే చెప్పాలని మొదట్లో కొన్నాళ్లు ఎదురుచూసింది కూడా. మూడడుగుల లిల్లీ గుత్తి చేతిలో వంకర పోకుండా ఎలా కట్టాలో, గులాబీ మెడ వాల్చేస్తే ఎలా లేపాలో చెప్పాలని. ఇప్పుడు అడిగారు.

"పూలకొట్లో," అంది. "లిల్లీల పుప్పొడి తీస్తాను." గోళ్ల సందుల్లోకి చూసుకుంది. "వాడు నా ఏప్రన్ మీద పడుకుంటాడండీ. నా వాసనని. నేనే పెట్టాను వాడి నోట్లో," అని ఏడ్చేసింది. ఇల్లంతా ఖాళీ చేసి, పేరున్న మొక్కా పేరులేని మొక్కా బయటికి నెట్టి, చంపేదాన్ని మాత్రం రోజూ తనే మోసుకొచ్చి పక్క వేసి పడుకోబెట్టింది.

డాక్టరమ్మ ఈసారి తిట్టలేదు. దొర కాలి మీద బొచ్చు గీసి, సెలైన్ ఎక్కిస్తూ అడిగింది. "ఎప్పటి నుంచి ఇలా ఉన్నాడు?"

"పొద్దున బాగానే ఉన్నాడండీ. ఇప్పుడు వచ్చేసరికి గుమ్మం దగ్గరకి రాలేదు."

"రాలేదని తీసుకొచ్చేశారా?"

"ఎప్పుడూ వస్తాడండీ."

"చాలామంది పిల్లి నీళ్లు ముట్టడం మానేసి, ఉచ్చ కూడా బిగిసిపోయాక తెస్తారు. అప్పుడు తెచ్చి లాభం లేదు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే. మీరు ముందే తెచ్చారు. మనకున్న ఆశ అదొక్కటే."

అవును మరి. నలుగురున్న ఇంట్లో అయితే పిల్లి గుమ్మం దగ్గర లేకపోతే ఇంకో గదిలో ఉందనుకుంటారు, పాలు తాగకపోతే ఇంకొకరు పెట్టారనుకుంటారు. ఈవిడకు చూసుకోవడానికి ఇంకేం ఉంది గనక? ఆ ఒంటరితనం వల్ల ఆవిడకు ఎన్నడైనా ఒక మేలు జరిగిందంటే అది ఆ సాయంత్రమే.

వాడి రక్తం తీసి చూసినప్పుడల్లా డాక్టరమ్మ "ఇప్పుడే ఏం చెప్పలేను" అనేది. మొక్కలావిడ పనికి పోకుండా బోను పక్కన స్టూలు మీద కూర్చునేది. ముట్టుకోవడానికి భయపడి, ముందు చేతులు సబ్బుతో రుద్ది రుద్ది తోలు లేచేదాకా కడిగేది. అయినా ముట్టుకునేది కాదు. అలా కూర్చుని ఉండగా కొట్టు యజమానురాలు ఫోన్ చేసింది.

"ఎక్కడున్నావ్? రేపు పెళ్లి. నీ బల్ల మీద లిల్లీలు గుట్టలు పడి ఉన్నాయి."

"పిల్లికి బాగాలేదండీ."

"పిల్లికా! పిల్లి కోసం పెళ్లి ఆపమంటావా?"

ఇంతకుముందైతే మొక్కలావిడ "వస్తానండీ" అనేది. ఈసారి, "లిల్లీల బల్ల దగ్గర ఇంక కూర్చోను," అంది. "గులాబీల ముళ్లు తీయమంటే తీస్తాను. ఏప్రన్ అక్కడే వదిలేసి వస్తాను. కుదరదంటే మానేస్తాను."

"ఎగురుతున్నావే," అంది యజమానురాలు. తర్వాత, "సరేలే. ముళ్లే తీద్దువుగాని," అని పెట్టేసింది. ముళ్లు తీసే మంచి చేతులు దొరకడం అంత తేలిక కాదని ఆవిడకీ తెలుసు.

దొర బతికాడు. ఒక పొద్దున బోనులోంచి భోజనం ఏదన్నట్టు చూశాడు. డాక్టరమ్మ రక్తం మళ్లీ పరీక్ష చేసి, "మొండిఘటం," అంది. అంటూ మొహం అటు తిప్పుకుంది.

ఇంటికి తేగానే వాడు తిన్నగా పేము కుర్చీ దగ్గరకు వెళ్లాడు. ఎక్కాడు. ఖాళీ అల్లికను వాసన చూశాడు. కాళ్లతో పిసకబోయి, పిసకడానికేమీ లేక, దిగిపోయాడు.

కొత్త ఏర్పాటు టైలరు చేశాడు. అతని కొట్లో బట్టలు వేసుకుని చూసుకోవడానికి ఒక తెర కట్టిన మూల ఉంది. ఆవిడ పని నుంచి వచ్చి, తన మొక్కల మధ్యలోంచే ఆ తెర వెనక్కి వెళ్లి, కొట్టు బట్టలు విప్పి సంచిలో మూట కట్టి, వెనకున్న పంపు దగ్గర మొహం, చేతులు, మోచేతులదాకా కడుక్కుని, ఉతికిన బట్టలు కట్టుకుని పైకి వెళ్లేది. "మీ మనీప్లాంట్ నా మిషన్‌కి తీగ చుట్టింది, ఇదేం న్యాయం అక్కగారూ," అనేవాడు టైలరు. ఆవిడ నవ్వేది. మొక్కను ఒకసారి ముట్టుకుని మళ్లీ చేతులు కడుక్కునేది.

మొదటి సాయంత్రం తాళం తీయగానే దొర గుమ్మం దగ్గర నిలబడి ఉన్నాడు. ఆవిడకు ఏడుపొచ్చినంత పనైంది. వంగి చెయ్యి చాచింది. వాడు ఆ చెయ్యి వాసన చూశాడు. సబ్బు. పాదాలు చూశాడు, బట్టల అంచులు చూశాడు. తర్వాత ఆవిణ్ణి దాటుకుని గడప మీదికి వెళ్లి మెట్లవైపు చూశాడు. ఈవిడెవరో వచ్చింది సరే, మా ఆవిడేదీ అన్నట్టు.

ఆవిడ తలుపు వేసింది. వాడు వేసిన తలుపుకు ఎదురుగా కూర్చున్నాడు. అన్నం పెడితే వచ్చి తిని, మళ్లీ వెళ్లి అక్కడే కూర్చున్నాడు. మర్నాడూ అంతే. ఆ మర్నాడూ అంతే. ఆవిడ పేము కుర్చీలో కూర్చుని వాడి వీపు చూస్తూ ఉండేది. ఇంట్లోనే ఉండి, తన కోసం ఎదురుచూసేవాడి వెనకే కూర్చుని, నేనేరా అని చెప్పుకోలేని కష్టం ఇంకొకటి ఉండదు. ఆ ఏప్రన్ ఒక్కసారి తెచ్చి వేస్తే చాలు, వాడు వచ్చేస్తాడని ఆవిడకు తెలుసు. తెలిసినా తేలేదు.

ఒక సాయంత్రం కింద మిషన్ టకటకా ఆడుతోంది. దొర తలుపు ముందు కూర్చున్నాడు. ఆవిడ గొంతు సవరించుకుంది. ఏం మాట్లాడాలో తెలియలేదు. వాడి మొహం అటు ఉంది కాబట్టి కొంచెం ధైర్యం వచ్చింది.

"ఇవాళ ఒకాయన వచ్చాడురా," అంది. గొంతు బొంగురుగా వచ్చింది. "పెళ్లాం అలిగిందట. ఏ పువ్వు ఇస్తే అలక పోతుందో చెప్పమని నన్ను అడిగాడు. వెనక గదిలోకి వచ్చి మరీ అడిగాడు. నాకేం తెలుసు? పసుపు గులాబీలు ఇచ్చి పంపాను. ఏమైందో ఏమో."

చిరిగిన చెవి ఇటు తిరిగింది. తల తిరగలేదు.

"ముళ్లు తీసీ తీసీ వేళ్లన్నీ తూట్లు పడ్డాయి. చూడు. పెద్దమ్మ ఉంటే తిట్టేది, ముళ్లు లాగే చిమటా పట్టుకోవే మొద్దూ అని."

కింద మిషన్ ఆగింది. ఆవిడకు తెలిసింది. ఒక్క క్షణం నోరు మూసుకుంది. మిషన్ మళ్లీ మొదలు కాలేదు. సరే, విననీ, అనుకుంది.

దొర తల తిప్పి, ఆవిడ మొహంలోకే చూశాడు. ఆవిడ ఈసారి చూపు తప్పించలేదు. వాడు లేచాడు, ఒళ్లు విరుచుకున్నాడు, గది మధ్యలో ఆగి మరోసారి ఆలోచించాడు. తర్వాత వచ్చి, ఆవిడ ఒడిలోకి ఎక్కి, సబ్బు వాసన వేసే ఆ బట్టలనే ముందుకాళ్లతో పిసకడం మొదలుపెట్టాడు. బొచ్చు గీసిన కాలు మీద కొత్త బొచ్చు మెత్తగా వస్తోంది.

"మా షాపావిడ మళ్లీ నా మీద ఎగిరిందిరా," అంది. "తప్పు తనది, తిట్లు నాకు."

దొర కాదనలేదు.